రాముడెక్కిన స్టీమరు

నవరాత్రి మొదటి రోజు పొద్దున కోదండపాణి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తలస్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, వేడివేడిగా ఇడ్లీలు తినాలి. ఈలోగా సినిమా కంపెనీ వాళ్ళ వ్యాను వస్తుంది. ఓడను వాళ్ళకు అప్పగించి, తానూ డ్రైవరు పక్కన కూర్చుని స్టూడియోకు వెళ్ళాలి. మద్రాసు సౌకార్‌పేటలో కాగితాలూ కవర్లూ టోకున అమ్ముకునే మనిషికి ఇంతకంటే శుభోదయం ఏముంటుంది?

ఓడ అంటే నిజం ఓడ కాదు, నమూనా. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి రంగూనుకు ప్రయాణికులను మోసుకుపోయిన ఆవిరి ఓడల్లాంటిది. పాత పటాలూ ప్లానులూ సంపాదించి, కొలతకు కొలత తగ్గించి, దుకాణం కట్టేశాక కూర్చుని ఏళ్ళ తరబడి చేశాడు. రెండు పక్కలా నీళ్ళు తోసే పెద్ద చక్రాలు, నడుమ పొడుగాటి పొగగొట్టం. ఆవిరి మీద జనానికి ఇంకా పూర్తి నమ్మకం కుదరని రోజులవి కాబట్టి ముందూ వెనకా తెరచాప కొయ్యలు కూడా ఉన్నాయి. పొట్టంతా టేకు చెక్క. గుండ్రటి కిటికీలకు చెప్పుల దుకాణాలవాళ్ళు కొనే ఇత్తడి రింగులు వాడాడు. లంగరు గొలుసు మాత్రం ఆయన భార్య ఇందిర మెడలో తెగిపోయిన గిల్టు గొలుసు. ఆఖరికి, ప్రయాణికుల భోజనం కోసం అప్పట్లో డెక్కు మీద పెట్టే కోళ్ళగూడును కూడా వదల్లేదు. గుడ్డు పేరెత్తితేనే ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టి, ఆ గూట్లో ఆవగింజలంత కోళ్ళను కూర్చోబెట్టాడు.

ఇంత చేసినా ఇంట్లో దానికి దక్కిన గౌరవం తక్కువ. ఆయన తల్లి అలివేలమ్మ దాన్ని "అట్టపెట్టెల ఆట" అనేది. ఇందిరకు అది దుమ్ము దులపాల్సిన సామానుల్లో ఒకటి. దుకాణానికి వచ్చేవాళ్ళు దాని మీద మోచెయ్యి ఆనించి కవర్ల ధర అడిగేవాళ్ళు. ఎవరైనా ఒక్కరు, ఒకే ఒక్కరు, దగ్గరికి వంగి చూసి "ఇది చేసిందెవరండీ?" అని అడిగితే చాలునని కోదండపాణి ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు.

అడిగింది దీప్తి. రాజమండ్రి నుంచి వచ్చి సినిమాల్లో సహాయ కళాదర్శకురాలిగా పనిచేస్తున్న అమ్మాయి. సెట్టుకు అట్టలు కొనడానికి దుకాణానికి వచ్చి, ఓడను చూసి అట్టల సంగతే మరిచిపోయింది. "మా క్లైమాక్స్ అంతా ఓడ మీదే సార్! మీ ఓడ ఇవ్వండి. ఆ సీను చూసి హాల్లో ఏడవని మనిషి ఉండడు. తెర మీద మీ పేరు కూడా వేస్తాం" అంది. తన ఓడ అందానికి జనం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారనే సరికి కోదండపాణికి ఇంకో ప్రశ్న తోచలేదు. ఇంట గెలవకపోయినా రచ్చ గెలవబోతున్నానని పొంగిపోయాడు.

ముందు రోజు సాయంత్రమే ఓడను దుకాణం నుంచి మేడ మీది ఇంటికి చేర్చి, దుమ్ము పడకుండా కొత్త ఎర్రగుడ్డ చుట్టి, హాల్లో బల్ల మీద పెట్టుకున్నాడు. ఈ పొద్దున తలస్నానం చేసి, ఏదో కూనిరాగం తీస్తూ వచ్చేసరికి బల్ల మీద గుడ్డ ఉంది, ఓడ లేదు.

ఓడ ఎదురుగానే ఉంది. హాలుకు ఆ చివర, మెట్లు మెట్లుగా కట్టిన బొమ్మల కొలువులో, దశావతారాలకూ, కిరాణా కొట్టు పెట్టుకున్న చెట్టియార్ దంపతుల బొమ్మలకూ నడుమ కొలువుదీరి ఉంది. ప్రతి కిటికీకీ ఒక గంధం బొట్టు, దాని మీద కుంకం. పొగగొట్టానికి మల్లెపూల దండ. కింద మెట్టు ముందు కలశం, పక్కన దీపం వెలుగుతున్నాయి. కలశం పెట్టి దీపం వెలిగించాక విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగించేదాకా కొలువులో వస్తువును చిటికెన వేలంత కూడా కదపకూడదు. అది ఆ ఇంట్లో అలివేలమ్మ అత్తగారి కాలం నుంచీ శాసనం.

"వచ్చినావా నాయనా!" అంది అలివేలమ్మ. ఎనభై దాటిన ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. "కొలువుకి ఏటా ఒక కొత్త బొమ్మ పెట్టాల, తీసుకురారా, తీసుకురారా అని దినామూ మొత్తుకుంటి. నువ్వు సెరి సెరి అంటావే గానీ చెవిలో ఏసుకోలేదనుకుంటి. పొద్దున లేస్తానే చూస్తే, ఎర్రగుడ్డ చుట్టి రెడీగా పెట్టుండావే! నిన్ను ఊరికే తిడితి నాయనా. మనసులో పెట్టుకోబాక."

కోదండపాణి కొత్త బొమ్మ సంగతి నిజంగానే మరిచిపోయాడు. నోరు తెరిచాడు. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆవిడ తనను మెచ్చుకోవడం ఇదే మొదలు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇందిర వైపు చూశాడు.

"నన్ను చూస్తే ఏం లాభం?" అని గొణిగింది ఇందిర. "నేను స్నానం చేసి వచ్చేలోపల అత్త కలశం పెట్టేసింది. మీరే చెప్పండి ఆమెకి."

"ఎట్ల చెప్పేది? ఏడుస్తా ఉండాది."

"సినిమావాళ్ళకి ఏం చెప్తారు మరి?"

ఆ ప్రశ్నకు జవాబు వెతికేలోగా సినిమావాళ్ళే వచ్చారు.

"సార్, వ్యాను సందులోకి రావట్లేదండీ, మింట్ రోడ్డు మీదే ఆపేశాం" అంటూ దీప్తి మెట్లెక్కి వచ్చింది. "మనుషుల్ని పిలుస్తాను, మోసుకెళ్ళిపోదామా?"

"ఎవరురా ఈ పాప?" అంది అలివేలమ్మ.

"కొలువు చూసేదానికి వచ్చిందమ్మా" అన్నాడు కోదండపాణి. అది ఆయన ఆ రోజు ఆడిన మొదటి అబద్ధం. అబద్ధం చెప్పడం అలవాటు లేనివాళ్ళకు ఇదే చిక్కు. ఒకటి చెప్పి ఊరుకోవచ్చనుకుంటారు.

కొలువు చూడటానికి వచ్చిన ఆడపిల్లను ఊరికే నిలబెడతారా? అలివేలమ్మ దీప్తిని చాప మీద కూర్చోబెట్టి, కుంకం పెట్టి, సుండలు, అంటే తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు, దొన్నెలో పోసి చేతిలో పెట్టి, "ఒక పాట పాడు తల్లీ" అంది. కొలువుకు వచ్చినవాళ్ళు పాడకుండా వెళ్తే అమ్మవారికి లోటు.

"పాటా?" దీప్తి కోదండపాణి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "సార్, అక్కడ లైట్లు పెట్టేసి కూర్చున్నారండీ. ఓడేది?" అంటూండగానే ఆ అమ్మాయి చూపు కొలువు మీద పడింది. "అయ్యబాబోయ్! బొట్లెందుకు పెట్టారండీ దానికి?"

"కొంజం ఓపిక పట్టమ్మా. పాడు. ఈలోగా నేనేదో ఒకటి చేస్తా."

దీప్తికి కీర్తనలు రావు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న ప్రార్థన ఎత్తుకుంది. మధ్యలో మాటలు మరిచిపోయి మొదటి చరణమే మళ్ళీ మళ్ళీ పాడింది. అలివేలమ్మ కళ్ళు మూసుకుని తాళం వేసింది.

కోదండపాణి వంటింట్లోకి వెళ్ళి భార్య చేతులు పట్టుకున్నాడు. "నీకు దండం పెడతా ఇందిరా. పురోహితుణ్ణి కనుక్కో. కొలువులో నుంచి ఒక బొమ్మ తీసేదానికి ఏదన్నా పరిహారం ఉండాదా అని అడుగు. అమ్మకి తెలీకూడదు. నా పేరు తెర మీద పడేది జన్మకొకసారి." పెళ్ళైనప్పటి నుంచి మొగుడు ఇంతగా బతిమాలింది లేదు. ఇందిర మనసు కరిగి, ఫోను తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. పురోహితుడు దామోదర శాస్త్రి నవరాత్రుల్లో ఫోను ఎత్తడమంటే మాటలు కాదు. ఆవిడ చేస్తూనే ఉంది.

ఇంతలో ఎదురింటి అమ్మణి పట్టుచీర కట్టుకుని వచ్చింది. వీధిలో ప్రతి కొలువునూ చూసి, ఎవరింట్లో ఏం తగ్గిందో తక్కినవాళ్ళకు చెప్పే బాధ్యత ఆవిడది.

"ఏం పెద్దమ్మా, కొలువులో ఇంజన్ షిప్పు పెట్టుండారు?" అంది బుగ్గన వేలు పెట్టుకుని. "ఇది ఏ పురాణంలో వస్తాది?"

అమ్మణి ముందు తల వంచడం అలివేలమ్మ చరిత్రలో లేదు. "తెలీదా?" అంది తడుముకోకుండా. "రాముణ్ణి గంగ దాటించినాడే, గుహుడు. ఆయన ఓడ."

"గుహుడి ఓడకి పొగగొట్టం ఉండిందా?"

"చెప్పరా కోదండం" అంది అలివేలమ్మ.

వచ్చిన దారి నుంచి వెనక్కి పోలేక, "ఉండిందమ్మా" అన్నాడు కోదండపాణి.

"మరి కోళ్ళెందుకుండాయి ఇందులో?" అమ్మణి కళ్ళజోడు పెట్టుకుని మరీ వంగింది.

"గుహుడు బోయవాడే. తినడా ఏంది?" అంది అలివేలమ్మ. "మన రాముడు వాటి జోలికి పోడు."

ఆ మాటతో ఆవిడకు ఒక లోటు తెలిసొచ్చింది. గుహుడి ఓడ ఉంది, అందులో రాముడేడీ? పై మెట్టు మీదున్న సీతారామలక్ష్మణులను కదపడానికి లేదు. అటక మీద పాత పెట్టెలో ఇంకో జత ఉంది. కోదండపాణి చేతనే పెట్టె దింపించి, తుడిపించి, మట్టిబొమ్మలను ఓడ ఎక్కించింది. రాముడు పొగగొట్టమంత ఎత్తున నిలబడ్డాడు. సీతమ్మ ఎడమ చక్రాన్ని కప్పిన పెట్టె మీద కూర్చుంది. లక్ష్మణుడికి చోటు చాలక మొదటి తరగతి భోజనశాల కప్పు మీద నిలబెట్టారు.

"అమ్మా, కప్పు విరిగిపోతుంది! అది మొత్తం అగ్గిపుల్లలు!" అని కోదండపాణి లబలబలాడాడు.

"లక్ష్మణస్వామి నిలబడితే విరుగుతుందా? పోరా!"

అమ్మణి ఫోటో తీసి వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అలివేలమ్మను నలుగురిలో నవ్వులపాలు చేయాలన్నది ఆవిడ ఉద్దేశం. జరిగింది ఇంకొకటి. రాముడు స్టీమరెక్కాడని తెలిసి వీధివీధంతా కదిలి వచ్చింది. మెట్ల మీద చెప్పులు పేరుకుపోయాయి. సుండలు అయిపోయి మళ్ళీ కుక్కరు పెట్టారు. దీప్తి మూడోసారి అదే ప్రార్థన పాడింది, వచ్చిన ప్రతి గుంపూ కొత్త మనిషి పాట వినాలంది కాబట్టి.

పక్క వీధి మునిరత్నం కొడుకు సరుకుల ఓడలో ఉద్యోగం చేస్తూ ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు. ఆవిడ ఓడ ముందు నిలబడి దండం పెట్టుకుని, వాడు చల్లగా తిరిగి రావాలని మొక్కి, ముందు కొయ్యకు పసుపుదారం కట్టింది. ఆవిడను చూసి ఇంకొకావిడ కొడుకు దుబాయి ప్రయాణం కోసం కట్టింది. అది విమానం కదా అని ఎవరూ అడగలేదు. తర్వాత బెంగళూరు వెళ్ళేవాళ్ళ కోసం కూడా కట్టారు. మైనం రాసి పేనిన నాజూకు తాళ్ళ మధ్య పసుపుదారాలు చిక్కుపడుతూంటే, కోదండపాణి ఒక మూల నిలబడి కక్కలేక మింగలేక చూస్తున్నాడు.

దీప్తి ఫోను ఆగకుండా మోగుతోంది. "సార్, ఓడ పూజలో ఉందండీ... కాదండీ, నేను తాగలేదండీ, సుండలు తిన్నానంతే... మీరే రండి సార్" అని ఫోను పెట్టేసింది. "సార్, మా ఆర్ట్ డైరెక్టర్ గారే బయలుదేరారు" అంది కోదండపాణితో. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పెద్దమనిషి వచ్చి అడిగితే అమ్మ కాదనలేదేమో.

కళాదర్శకుడు బాలసుందరం రానే వచ్చాడు. భారీ మనిషి. మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలో నిలబడి, హాలు నిండా ఉన్న ఆడవాళ్ళను దాటి వినబడేలా, "ఏమ్మా దీప్తీ, కాల్చాల్సిన షిప్పు ఏది?" అన్నాడు.

కోదండపాణి తను విన్నది తప్పనుకున్నాడు. బాలసుందరం ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీరేనా సార్ చేసింది? బ్రహ్మాండం! టేకు కదా? టేకు అద్భుతంగా కాలుతుంది. మామూలుగా మేము థర్మకోల్‌తో చేస్తాం. భగ్గుమని రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఫీలింగే ఉండదు. మీది నిదానంగా, కొయ్య తర్వాత కొయ్య, అందంగా కాలుతుంది. హీరోయిన్ ఇందులోనే చచ్చిపోయేది. సరిగ్గా ఆ మంటల మీదనే మీ పేరు వేస్తాం."

కోదండపాణి దీప్తి వైపు తిరిగాడు. "చెప్పలేదేమ్మా?"

"చెప్పానండీ!" అంది దీప్తి అమాయకంగా. "చూసి ఏడవని మనిషి ఉండడని చెప్పాను కదండీ."

మొదట ఏడవబోయే మనిషి తనేనని కోదండపాణికి అప్పుడర్థమైంది. ఓడ వైపు చూశాడు. ఆ తాళ్ళు, ఆ రింగులు, ఆ కోళ్ళు. నిప్పంటుకున్నాక మొదట కాలేది కోళ్ళగూడే. తెర మీద పేరు, పేరు కింద మంట. ఎలా వద్దనాలో మాట కూడదీసుకునేలోగా డాబా మెట్ల మీద నుంచి ఇందిర కేక వినబడింది.

"ఏమండీ! దొరికినాడు! శాస్త్రులు దొరికినాడు!" ఫోను పట్టుకుని చెమటలతో, వెలిగిపోతున్న మొహంతో ఆవిడ జనంలోంచి దూసుకొచ్చింది. అత్తకు తెలియకూడదన్న మాట ఆ సంతోషంలో గాలికి పోయింది. "టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, దాని బదులు ఇంకొక బొమ్మ పెడితే దోషం లేదంట! బొమ్మ కూడా తెప్పించినా. తీసుకపోండి మీ షిప్పు!"

"కదపకూడదు!" అని గర్జించాడు కోదండపాణి.

ఇందిర నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"కలశం పెట్టినాక కొలువులో బొమ్మ కదిపేదా? మా అవ్వ కాలం నుంచి ఈ ఇంట్లో అట్లా జరిగిందా? శాస్త్రులకేం తెలుసు? ఆచారమంటే ఆటలుగా ఉండాదా మీకు?" ప్రతి ఏడూ కొలువు రోజుల్లో సుండలు తినడానికి తప్ప ఇటు తొంగిచూడని మనిషి, మెట్లకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"పొద్దుటి నుంచి నా ప్రాణం తీసినారు కదండీ, పరిహారం, పరిహారమని!"

అలివేలమ్మ కొడుకును చూసింది, కోడల్ని చూసింది, బాలసుందరాన్ని చూసింది. "ఇది సినిమాకి పోవాల్సిందా?" అంది మెల్లగా. "కాల్చేదానికా?"

ఆవిడ కొడుకు జవాబు కోసం ఆగలేదు. చేతికర్ర ఊతంతో బాలసుందరం ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన భుజం వరకు కూడా రాదు.

"నాయనా, ఆడ చూడు. చక్రం మీద ఎవరు కూసోనుండారు?"

బాలసుందరం చూశాడు. "సీతమ్మ, అమ్మా."

"ఆ తల్లి ఒకసారి నిప్పుల్లో దూకింది చాలదా? నువ్వొకసారి పెట్టాలా?"

హాల్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా బాలసుందరం వైపు తిరిగారు. మునిరత్నం అయితే తన పసుపుదారాన్ని ఒక చేత్తో కాపాడుకుంటూ రెండో చెయ్యి నడుం మీద పెట్టుకుంది. సినిమాల్లో కోటలు కట్టి కూల్చినవాడైనా, బాలసుందరం అలాంటి సెట్టు ఎప్పుడూ చూడలేదు. చేతులు జోడించి, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు. దీప్తితో, "థర్మకోల్‌తో లాగించేద్దాం పదమ్మా" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఇద్దరికీ సుండలు పొట్లం కట్టి ఇచ్చారు. దీప్తికి తాంబూలంతో పాటు రవికగుడ్డ కూడా పెట్టి, రేపు ఇంకో పాట నేర్చుకుని రమ్మన్నారు.

అప్పుడు అలివేలమ్మ కొడుకు వైపు తిరిగింది. "అయితే నువ్వు ఇది కొలువు కోసరం పైకి తెచ్చింది కాదు."

"కాదమ్మా" అన్నాడు కోదండపాణి తల దించుకుని. "బొమ్మ తెచ్చేది మరిచిపోతిని. నువ్వు సంతోషపడతా ఉంటే చెప్పేదానికి నోరు రాలేదు."

ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని ఓడ దగ్గరికి వెళ్ళి వంగింది. ఇన్నేళ్ళుగా దుకాణంలో కళ్ళెదుట పడి ఉన్నదాన్ని మొదటిసారి చూసింది. చక్రం పలకలు ఒక్కొక్కటీ, ఇత్తడి కిటికీలు, లంగరు గొలుసు, డెక్కు మీద గోరంత కుర్చీలు. చాలాసేపు చూసింది. కోదండపాణి పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లవాడైపోయాడు.

"చూడండే, అందరూ దగ్గిరికొచ్చి చూడండి" అంది ఆవిడ చివరికి, వీధికి వినబడేంత గొంతుతో. "గుహుడూ లేదు, గిహుడూ లేదు. దీన్ని చేసింది నా కొడుకు. ఈ చేతులతో చేసినాడు. అమ్మణీ, నువ్వు ముందుకి రా, బాగా చూడు."

కోదండపాణి కళ్ళు మసకబారాయి. వెండితెర మీద వంద అడుగుల ఎత్తున పేరు పడినా ఆ సంతోషం కలిగేది కాదు, అది నిజం. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. బొగ్గు ఎక్కడ పోసేవాళ్ళు, డెక్కు టికెట్టు తీసుకున్నవాళ్ళు వానొస్తే ఎక్కడ తలదాచుకునేవాళ్ళు, ఏ చెక్క ఎలా వంచాడు, ఏ రింగు ఎవరి దుకాణంలో దొరికింది. సాయంత్రం దీపాలు పెట్టేవరకు చెప్తూనే ఉన్నాడు. సౌకార్‌పేట ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుని విన్నారు. ఇలాంటి పనితనం తమ వీధిలోనే ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు.

మర్నాడు పొద్దున ఆయన తలుపు తీసేసరికి గుమ్మం ముందు పాడైన రెండు మిక్సీలు, ఒక గ్రైండరు, తల తిరగని టేబుల్ ఫ్యాను వరసగా ఎదురుచూస్తున్నాయి.